నాయన కంచంలో తొలి ముద్ద

మా చిన్నప్పుడు... రాయకోటలో మా ఇంట్లో పొద్దుగూకేసరికి రాగి సంగటి కెలికే సందడి మొదలయ్యేది. అమ్మ కుండను కాళ్ల మధ్య అదిమిపట్టి, తెడ్డుతో బలమంతా పెట్టి కెలికేది. పక్క పొయ్యి మీద అనపగింజల పులుసు కుతకుతలాడుతుండేది. నేను చెంబులో నీళ్లు పట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు మొదటిసారి తమ చేత్తో కట్టిన సంగటి ముద్దను ఇంటి పెద్దే తినాలి. ఎలా ఉన్నా సరే... పారేయకూడదు, వంక పెట్టకూడదు.

నాకు ఐదారేళ్లప్పుడు నా వంతు వచ్చింది. మా నాయన రోజంతా టమాటా తోటలో నడుం వంచి పనిచేసి వస్తాడు కదా, ఆయన ముద్ద అందరికన్నా పెద్దదిగా ఉండాలనుకున్నాను. అమ్మ పెరట్లోకి వెళ్లగానే నాకని పక్కకు తీసిన సంగటిలో రెండు గుప్పెళ్ల రాగిపిండి వేసి, చేతులు తడుపుకుని, ఉఫ్ ఉఫ్ అనుకుంటూ ఎలాగో ముద్ద కట్టాను. ఎంత పెద్ద ముద్దో!

నాయన దాన్ని తుంచి, పులుసులో అద్ది, మింగడం మొదలుపెట్టాడు. సంగటిని మేం నమలం, మింగుతాం. అమ్మ రుచి చూద్దామని చెయ్యి చాపితే, ఆయన కంచాన్ని పక్కకు జరుపుకున్నాడు.

"నా బిడ్డ నాకు కట్టింది. నీకెందుకిస్తాను?" అన్నాడు.

మొత్తం తిని, చెంబెడు నీళ్లు గడగడా తాగి, "బాగుండాదమ్మా" అన్నాడు. మరునాడు మా వీధిలో నేను చెప్పని ఇల్లు లేదు!

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే... పోయిన ఆదివారం హోసూరులో మా పిల్లలిద్దర్నీ వంట క్లాసుకు తీసుకెళ్లాను. థూ... ఏం క్లాసో అది!

"పిల్లలకు మన పాతకాలపు వంట, రాగి సంగటి" అని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. చూసి మురిసిపోయాను. మా పాపకు ఆరేళ్లు, బాబుకు నాలుగు. పాప ముందురోజు నుంచే ఒకటే పాట... "తాతకు నేను ముద్ద కడతాను, తాతకు నేను ముద్ద కడతాను" అని. మా నాయన ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. పద్ధతి సంగతి దానికి చెప్పింది ఆయనే.

అక్కడ పొయ్యి లేదు. కుండ లేదు. ఎప్పుడో ఉడకబెట్టి చల్లారబెట్టిన రాగి పేస్టు ఒక ప్లాస్టిక్ టబ్బులో, పైన పొర కట్టి ఉంది. ఏసీ గదిలో రూమ్ స్ప్రే కంపు. పిల్లలందరి చేతులకూ ప్లాస్టిక్ గ్లౌజులు... శుభ్రమట! నా కళ్లముందే ఒక పిల్లాడు ఆ గ్లౌజుతోనే ముక్కు తుడుచుకుని, అదే చేత్తో టబ్బులో పిండి పిసికాడు. ఛీ ఛీ! మా బాబైతే బల్ల మీద ఒలికిన రంగు పంచదార గింజల్ని నాకుతున్నాడు.

ఇక ముద్దల మీద చాక్లెట్ సిరప్ పోయించారు. పైన ఆ రంగు గింజలు చల్లించారు. మిఠాయి కళ్లు అతికించారు. రాగి ముద్దకు కళ్లేంటండీ, నా తలకాయ! తల్లులంతా ఫోన్లు పట్టుకుని "ఇటు చూడు, నవ్వు, ఇంకోసారి" అని ఒకటే గోల.

ఫోటోలు అయిపోయాక నేర్పే మేడమ్ పెద్ద నల్లకవరు పట్టుకొచ్చింది. ఒక్కో ముద్దను అందులో దబ్ దబ్‌మని పడేస్తోంది. తిండిని... పిల్లల చేతుల్లోంచి తీసుకుని... కవర్లోకి! మా పాప తన ముద్దను గుండెకు అదుముకుని ఏడుపు అందుకుంది.

"ఇది మా తాతకు!"

"ఇది తినేదానికి కాదమ్మా, ఫోటోకు చేసింది" అంది మేడమ్, నా వైపు చూసి.

నాకు ఒళ్లు మండిపోయింది. "తినేదానికి కాకపోతే ఏందానికి నేర్పిస్తా ఉండారు? బిడ్డ చేత్తో కట్టింది కవర్లో ఏసేదానికి మీకు చెయ్యెట్లా వస్తాదమ్మా?" అని అడిగేశాను. అందరూ నన్నే చూశారు. చూడనీ! బాబు టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, పాప ముద్దను అందులో పెట్టించి, పిల్లల్ని తీసుకుని బయటపడ్డాను.

పారేయనివ్వలేదు సరే... కానీ ఆ రోతను మా నాయన చేత ఎలా తినిపించేది? ఇంటికి రాగానే పాప నేరుగా అన్నానికి కూర్చున్న తాత కంచంలో పెట్టేసింది. చాక్లెట్ కారుతోంది. ఒక కన్ను ఊడి పక్కకు జారింది.

"నాయనా, వద్దు. దాని సంగతి నీకు తెలీదు" అన్నాను.

"నువ్వు గమ్మునుండమ్మా" అని ఆయన ముద్దను తుంచి, అలవాటు కొద్దీ అనపగింజల పులుసులో అద్దాడు. చాక్లెట్టు, పులుసు! నేను మొహం తిప్పుకున్నాను. పాప మాత్రం రెప్ప వేయకుండా ఆయన మొహమే చూస్తోంది.

అదెలా మింగుతున్నాడోనని ఒక తునక రుచి చూద్దామని నేను చెయ్యి చాపాను. ఆయన కంచం పక్కకు జరుపుకున్నాడు.

"నా మనమరాలు నాకు కట్టింది. నీకెందుకిస్తాను?"

మొత్తం తిన్నాడు. చెంబెడు నీళ్లు తాగాడు. "బాగుండాదమ్మా" అన్నాడు. పాప గంతులేసుకుంటూ పక్కింటికి చెప్పడానికి పరిగెత్తింది.

నేను వంటింట్లోకి వెళ్లి, డబ్బాకు అంటుకున్నది కాస్త నోట్లో వేసుకున్నాను. యాక్! వెంటనే సింకులో ఉమ్మేశాను. చల్లటి జిగురు, వెగటు తీపి... అలా నోరు పుక్కిలిస్తుండగా ఉన్నట్టుండి నాకు రాయకోట గుర్తొచ్చింది. ఆ రోజు నేను కలిపిన రెండు గుప్పెళ్ల పచ్చిపిండి గుర్తొచ్చింది. అమ్మను రుచి చూడనివ్వకుండా ఆయన కంచం ఎందుకు జరుపుకున్నాడో ఇన్నేళ్లకు అర్థమైంది. సింకు దగ్గరే నిలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు పిల్లలు చేసిన వంటను పదిమంది ఫోటో తీస్తున్నారు... తినేవాళ్లే లేరు.

మీ తొలి వంట ఎవరు తిన్నారు? వాళ్లు ఎదురుగా ఉంటే, అది నిజంగా ఎలా ఉందో అడిగి ఇక్కడ చెప్పండి. నేను మా నాయన్ని అడిగాను.

"బాగుండాదని అప్పుడే చెప్పినాను గదమ్మా" అన్నాడు.