పసుపు పెచ్చు కింద బొటనవేలు

ఒక బొటనవేలి బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

డెబ్భైల్లో నేను బెజవాడలో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో నర్సుని. ఎవరి కట్టు ఏ తారీఖున వేశామో, ఎప్పుడు విప్పాలో అడిగితే తడుముకోకుండా చెప్పేదాన్ని. "ఈ సిస్టర్ చూసిందంటే నేను మళ్ళీ చూడక్కర్లేదు" అని డాక్టరుగారు ఒకసారి ట్రెయినీల ముందు అన్నారు. ఆ మెప్పే నన్ను చెడగొట్టిందా? లేదు. తప్పును ఆయన మాట మీదికి నెట్టడం కూడా తప్పించుకోవడమే.

ఒక వేసవి సోమవారం కొండపల్లి నుంచి నాగరత్నం వచ్చింది. కొయ్యబొమ్మలకు కళ్ళు దిద్దే మనిషి. బస్సు దిగుతూ కమ్మీ పట్టుకుని జారితే, కుడిచేతి బొటనవేలు బయటికి విరుచుకుపోయింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. అలాంటప్పుడు కీలును పట్టి ఉంచే లిగమెంటును చూడాలి. వేలును మెల్లగా బయటివైపు వంచి, రెండో చేతి వేలితో పోల్చాలి. ఒకచోట గట్టిగా ఆగితే బెణుకు. ఆగకుండా పోతే తెగినట్టు, త్వరగా కుట్టాలి.

ఆమె వేలి చుట్టూ పసుపూ సున్నమూ కలిపి మెత్తారు. అది ఎండి పెంకులా బిగుసుకుంది. నానబెట్టి కడిగాకే పరీక్షించాలి. వరండా నిండా జనం. పెచ్చు మీదే వంచి చూశాను. వేలు కదల్లేదు.

"రెండో చేతితో పోల్చారా సిస్టర్?" డాక్టరుగారు తన గదిలోంచి అడిగారు.

"చూశానండి. గట్టిగానే ఉంది. బెణుకే."

"అయితే కట్టేసి పంపించండి."

నాగరత్నం ముఖం విప్పారింది. "బతికించారండీ! నీ వేలు పోతే మన బొమ్మలన్నీ గుడ్డివే అని మా ఆయన ఒకటే ఏడిపిస్తన్నాడు."

కట్టు కోసం గోరువెచ్చటి నీళ్ళతో కడిగాను. చివరి పెచ్చు ఊడగానే వేలు నా చేతిలో బయటికి వాలిపోయింది. ఎక్కడా ఆగలేదు. డాక్టరుగారి గది తలుపు తెరిచే ఉంది, లోపల ఆయన చుట్టూ ట్రెయినీలు ఉన్నారు. వెళ్ళి ఏమని చెప్పాలి? చూడకుండానే చూశానన్నానని, ఆ ట్రెయినీలందరి ముందూ చెప్పాలా? వేలు సరిచేసి, ఎప్పటికన్నా శ్రద్ధగా కట్టు కట్టాను. ఆ శ్రద్ధ ఎవరి కోసం?

వానలు మొదలయ్యాక ఆమె మళ్ళీ వచ్చింది. వేళ్ళ మధ్య కుంచె నిలవడం లేదంది. డాక్టరుగారు వేలు వంచి చూసి నిట్టూర్చారు. ఇప్పుడు కుట్టినా మునుపటి బలం రాదన్నారు. ఇంటికెళ్ళి ఎవరిచేతో లాగించుకుని, నాటువైద్యంతో పాడుచేసుకున్నావని ఆమెనే కోప్పడ్డారు.

ఆమె ఎవరిచేతా లాగించుకోలేదు. అయినా తల వంచుకుని, "మా బుద్ధితక్కువేనండీ. సిస్టరుగారు ఎంత చక్కగా కట్టారో," అంది. ఆపైన నావైపు తిరిగి చేతులు జోడించింది. ఎడమ బొటనవేలికి ఆనించినా కుడిది నిలవలేదు, పక్కకు జారింది. అది చూస్తూనే నేను తర్వాతి మనిషి చీటీ అందుకున్నాను.

తర్వాత కళ్ళు ఆమె ఆడపడుచు దిద్దేదట. నాగరత్నం బొమ్మలకు అడుగున తెల్లపూత మాత్రం వేసేదట. కట్టు మార్పించుకోవడానికి వచ్చిన కొండపల్లి మనిషి ఒకరు చెప్పారు. ఇంకేమీ అడగలేదు నేను.

డాక్టరుగారు పోయారు. ఆమె ఉందో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. ఎవరికీ చెప్పని ఒక్క మాట బయటికి రావాలి, అంతే.

కట్టు కడుతున్నప్పుడు నాకు తెలుసు.