శుక్రవారం మైకు

2022. గుడివాడలో నేను హెడ్ కానిస్టేబుల్‌గా, స్టేషన్ రైటర్‌గా పనిచేస్తున్న రోజులు. రైటర్ అంటే కథలు రాస్తాననుకునేరు. ఫిర్యాదులు తీసుకోవడం, వాంగ్మూలాలు రాయడం, రికార్డులు చూసుకోవడం నా పని. దొంగ వెంట పరిగెత్తినవాళ్లకు వచ్చే పేరు మాకు రాదు గానీ, ఏ వీధిలో ఏం పోతోందో రైటర్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

నా బల్ల వెనక గోడకు క్రైమ్ మ్యాప్ ఉండేది. నేరం జరిగిన చోటల్లా అందులో ఓ ఎర్ర పిన్ను గుచ్చుతాం. గుడ్లవల్లేరు రోడ్డు వైపు ఊరి చివరనున్న ఓ చిన్న కాలనీ ఆ వర్షాకాలంలో పిన్నులతో నిండిపోయింది. అక్కడ ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలు. టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు. వెనక తలుపు గడియ ఊడదీసి కుక్కర్లు, ఇత్తడి బిందెలు ఎత్తుకుపోతున్నారు. ఒకటి రెండు ఇళ్లలో చెవి కమ్మలు కూడా పోయాయి. మేం రాత్రి బీట్, అంటే గస్తీ, పెంచాం. కానిస్టేబుళ్లు వెళ్లి బీట్ పుస్తకంలో సంతకాలు పెట్టి వస్తూనే ఉన్నారు, నేను పిన్నులు గుచ్చుతూనే ఉన్నాను.

ఒకరోజు విసుగొచ్చి ఫిర్యాదులన్నీ ముందేసుకుని, ఒక్కోదాని పక్కన వారం పేరు రాశాను. అన్నీ శుక్రవారాలే! అన్నీ పదింటికీ ఒంటిగంటకీ మధ్యనే. ఆ వేళ కాలనీ ఆడవాళ్లంతా చర్చిలో ఉపవాస ప్రార్థనలో ఉంటారు. మగవాళ్లు ఉద్యోగాలకు, పిల్లలు బడికి. పట్టపగలు జరిగే దొంగతనాలకు మేం రాత్రిళ్లు కాపలా కాస్తున్నాం. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

ఇంతవరకూ నా తెలివే. తప్పు కూడా ఇక్కడే మొదలైంది.

కాలనీలో ఆ ప్రార్థనకు వెళ్లనిది ఒక్క నాంచారమ్మే. దివిసీమలో సముద్రపు ఒడ్డు ఊరు వాళ్లది. కూతురు గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతుంటే, ఇక్కడ గది అద్దెకు తీసుకుని మార్కెట్లో చేపలు అమ్ముతోంది. కొత్తగా వచ్చిన మనిషి, పైగా శుక్రవారాలు ఇంటి దగ్గరే ఉంటుంది. కాలనీ అంతా ఆమె మీదే వేలు చూపించింది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని ఇంటివాళ్లు చెప్పేశారు. నేను కూడా ఆమెను పిలిపించి రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాను.

"శుక్రవారం మార్కెట్‌కి ఎందుకు వెళ్లవు?" అన్నాను, కాస్త గట్టిగానే.

"శుక్రవారం పూట చేపలెవరు కొంటారండీ? సగం ఊరు నీచు ముట్టదు గదా. అందుకే ఇంటికాడ ఉంటన్నా."

"ఆ టైములో వీధిలో ఇంకెవరుంటారు?"

"మైకు మోగిందంటే మడిసి కనపడరండీ. నేనూ, ఆ పాత సామాన్ల మోపెడ్డోడూ, అంతే. మేడమ్ గారూ, మా పిల్ల పరీక్షలయ్యేదాకన్నా మమ్మల్ని ఉండనియ్యమని ఆళ్లకి చెప్పండి."

నేను రాసింది ఇదీ: 'ఆ సమయమున వీధిలో తానొక్కతే ఉన్నట్లు తెలిపినది.' ఆమె వేలిముద్ర వేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాతి వారం శుక్రవారం ఏమీ జరగలేదు గానీ, అంతకు రెండు రోజుల ముందు బుధవారం ఒకింట్లో బిందెలు పోయాయి. "వారం మార్చిందండీ మీ చేపలామె" అన్నారు మా ఎస్సై గారు. మార్కెట్‌కి వెళ్లి అడిగాను. బుధవారం ఆమె పొద్దుటి నుంచి రెండింటి దాకా బేరం మీద నుంచి లేవలేదని చుట్టుపక్కల నలుగురూ చెప్పారు. అక్కణ్నుంచి తిన్నగా రూతమ్మ గారింటికి వెళ్లాను. ఆవిడ రిటైరైన టీచరు, చర్చి ఆడవాళ్లకు పెద్ద దిక్కు.

"బుధవారం ఏం జరిగిందండీ?"

"ఏముందమ్మాయ్, పాస్టర్ గారు శుక్రవారం ఊళ్లో ఉండరని ప్రార్థన ముందుకు జరుపుకున్నాం. మైకు పెట్టుకున్నాం, పాడుకున్నాం, అంతే."

మైకు. నాంచారమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మోపెడ్‌వాణ్ని నేను రాయనే లేదు. నాకు కావలసిన సగం రాసుకుని, మిగతా సగం వదిలేశాను. ఆ వదిలేసిన సగంలోనే దొంగ ఉన్నాడు. దొంగ పనిచేసే తీరును మేం ఎం.ఓ. అంటాం. ఇతనికి వారంతో పని లేదు. మైకు వినపడితే ఇళ్లు ఖాళీ అని లెక్క.

"ఈ శుక్రవారం మైకు పెట్టండి, మీరు మాత్రం ముందు తలుపుకి తాళం వేసి ఇళ్లలోనే ఉండండి" అన్నాను.

"దొంగ ప్రార్థన చెయ్యమంటావా?"

"ప్రార్థన నిజంగానే చెయ్యండి. ఇంట్లో చేసుకోండి."

ఆ శుక్రవారం చర్చిలో పాస్టర్ గారూ, వాళ్లావిడా ఇద్దరే మైకులో పాడారు. రూతమ్మ గారి వంటింట్లో నేనూ, ఇద్దరు కానిస్టేబుళ్లూ, చీపుళ్లూ అట్లకాడలతో ఆరుగురు ఆడవాళ్లూ. రెండో పాట సగంలో వెనక గడియ కదిలింది. తలుపు తీసుకుని లోపలికి వచ్చినవాడు మమ్మల్ని చూసి ఎంత బిత్తరపోయాడంటే, పారిపోవాలన్న ఆలోచన కూడా రాలేదు. నాంచారమ్మ చెప్పిన మోపెడ్‌వాడే. పాత సామాన్ల వ్యాపారం ఉత్త నాటకం. మోపెడ్ మీద గోనె సంచులుంటే, అందులో బిందె ఎవరిదని ఎవరూ అడగరని ఆ వేషం.

ఆ సాయంత్రమే నాంచారమ్మ గదికి వెళ్లాను. "తప్పు నాదే. నువ్వు చెప్పింది పూర్తిగా రాయలేదు" అన్నాను. ఆమె కుర్చీ తుడిచి వేసింది. తిట్టినా బాగుండేది. కొత్త వాంగ్మూలం అక్కడే కూర్చుని రాశాను, రాసింది చదివి వినిపించాను. ఈనాటికీ అంతే. నాకు కావలసిన ముక్క దొరికిందని పెన్ను ఆపను. అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా రాస్తాను.

మరుసటి శుక్రవారం బీట్ చూడ్డానికి పగలే వెళ్లాను. నాంచారమ్మ గుమ్మం ముందు ఆడవాళ్లు బైబిళ్లు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ వారాల్లో ఆమెను పలకరించినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. అందరికన్నా ముందున్న రూతమ్మ గారు ఇంటి తాళంచెవి ఆమెకు ఇవ్వబోతున్నారు. నాంచారమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దండీ, నా చేతులు నీచు వాసన. తాళాలకి అంటుద్ది."

"అంటితే అంటనియ్యమ్మా. తొందరగా పట్టుకో, మైకు మొదలైపోయింది."