అక్క గొంతు వచ్చే పూట

వణుకుడు జబ్బు ముదిరి అక్క బిగుసుకుపోయాక నాకు కరువైనవి ఆమె తిట్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో గుమ్మడిదల నుంచి పటాన్‌చెరులోని మా ఇంటికి తెచ్చుకునేసరికి ఆమె ముఖంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు.

పట్నం డాక్టరు కొత్త మాత్రలు రాశాడు. మెదడులో తరిగిన పదార్థాన్నే ఇస్తే నెత్తురులోనే ఆగిపోతుందట. నెత్తురుకూ మెదడుకూ నడుమ గోడలాంటిది ఉందట. అందుకని ఆ గోడ దాటగల ముడిసరుకును ఇస్తారు, లోపలికి వెళ్లాక అది కావలసిన పదార్థంగా మారుతుందని చెప్పాడు.

గట్టి మందంటే వేడి చేస్తుందని మా ఇళ్లలో భయం. నా భార్య ప్రతి మాత్రకూ గ్లాసు నిండా పాలు ఇచ్చేది. గుణం అంతంతమాత్రం. శనివారం మాత్రం ఒక్కపొద్దు కనుక అక్క పొద్దున మంచినీళ్లతోనే మింగేది. ఆ పూట లేచి కూర్చునేది, మాట్లాడేది.

"దేవుని మహిమ వదినె!" అంది నా భార్య.

"గట్లయితే ఆదివారం దేవునికి సెలవా?" అంది అక్క.

నాకూ లెక్క కుదరలేదు. మాత్ర అదే, మనిషీ అదే. తేడా పాలలోనే ఉంది. వెళ్లి డాక్టరును అడిగాను.

"పాలు, పప్పు, మాంసం అరిగితే వచ్చే అణువులు కూడా మందు పోయే దారినే లోపలికి పోవాలి. షిఫ్టు మారేటప్పుడు మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర తోపులాట చూడలేదా?" అన్నాడు.

అంటే మాత్ర పెంచడం కాదు, గుంపు తగ్గించాలి. పాలూ పప్పూ సాయంత్రానికి మార్చాం. అక్క గొంతు రోజూ పొద్దున రాసాగింది, మధ్యాహ్నానికి సన్నగిల్లేది. నాదేమో ఉదయపు షిఫ్టు. నేను వచ్చేసరికి ఆమె మళ్లీ మౌనం. ఇవాళ ఏమన్నదని భార్యను అడిగేవాణ్ణి. ఆమె అన్నీ చెప్పేది, కానీ అందులో అక్క గొంతు ఉండేది కాదు.

బతిమాలి రెండో షిఫ్టుకు మారాను. మరునాడు పొద్దున మంచం పక్కనే కూర్చున్నాను. మాత్ర మింగిన కొంతసేపటికి అక్క కళ్లు నా వైపు తిరిగాయి.

"ఏందిర, పనికి పోలేదా?"

"పగటీలి డ్యూటీ, అక్కా. మధ్యాహ్నం పోవాలె."

"ఆ అంగీ ఏంది? ఒక కొస పైకి, ఒక కొస కిందికి. ఊరందరి లెక్కలు జేస్తవ్, గుండీలు పెట్టుకునుడు రాదా?"

చేయి గుండీ దాకా వెళ్లింది. సరిచేసుకుంటే ఆ తిట్టు అంతటితో అయిపోతుంది. ఇంకో మాట అంటుందేమోనని చేయి దించి, అలాగే కూర్చున్నాను.