పొన్ని ఆంటీ చెప్పిన సినిమా

పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఇవాళ అప్పడాలు వేయించారు. కొట్లో ఇంజను విప్పుతున్నదాన్ని ఆ వాసనకు స్పానరు కింద పెట్టి కూర్చుండిపోయాను. ఆదివారం మధ్యాహ్నం అప్పడాల వాసన అంటే నాకు పొన్ని ఆంటీ ఇల్లే. ఆమె పోయి రెండేళ్ళయింది. మా దీవుల్లో ఈ గరాచర్మ ఊళ్ళో ఇళ్ళు పెరిగాయి, బస్సులు పెరిగాయి. ఆదివారం పూట నేను వెళ్ళి కూర్చోవడానికి మాత్రం ఒక్క గడప మిగల్లేదు.

ఆంటీ తమిళావిడ, మా ఇంటి దగ్గరే బట్టలు కుట్టేది. మా నాన్నది పడవల ఇంజన్లు బాగుచేసే కొట్టు. మా ఇంట్లో టీవీ రిమోటు ఎప్పుడూ అన్నయ్య చేతిలోనే ఉండేది కాబట్టి నేను ఆమె ఇంట్లో చేరేదాన్ని. ఆమెకు ఒక తమిళ సినిమా మహా ఇష్టం. ఒక తండ్రి నడిపే పిండిమిల్లు, దాన్ని కాజేయాలని చూసే రౌడీలు, వాళ్ళతోనూ తమలో తామూ కొట్టుకునే ముగ్గురు కొడుకులు. రౌడీలు పిండిలో పడి దొర్లుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నాకు తమిళం ముక్క రాదు. ఆంటీ హిందీ కలిసిన మా దీవుల తెలుగులో చెబుతూ ఉండేది. నేను నవ్వేసరికి తెరమీద ఇంకో జోకు అయిపోయేది.

సినిమాలో ఆ ఇంట్లో ఒక కూతురు కూడా ఉంది. కొట్లాట మధ్యలో గుమ్మంలోకి వచ్చి, ఒక్క మాట అని వెళ్ళిపోతుంది. అక్కడికి రాగానే ఆంటీ నా మోచెయ్యి పట్టుకునేది.

“సున్ బేటీ, ఆ పిల్ల ఏటంటోందో. ‘నాన్నా, మిల్లు నాకియ్యి. నేను నడుపుతాను. నడపలేకపోతే అప్పుడు మూసేద్దువుగాని’ అంటోంది.”

“అంత చిన్న మాటలో అంతుందా ఆంటీ?”

“తమిళం అలాగే ఉంటాది. చుప్‌చాప్ చూడు.”

అన్నయ్యకు ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌లో ఆఫీసు ఉద్యోగం వచ్చిన ఏడాదే నాన్న నడుం పడిపోయింది. కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. చిన్నప్పటినుంచీ నాన్న పక్కన కూర్చుని ఇంజన్లు విప్పిందీ బిగించిందీ నేనే, కానీ నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, మిల్లు బదులు కొట్టు అని మార్చి, ఆ పిల్ల మాటలే అనేశాను.

నాన్న ముద్ద ఆపాడు. “ఆడపిల్లవి, ఇంజన్లు ఎత్తగలవేటే?”

“ఎత్తడానికి మనిషిని పెట్టుకుంటాను. విప్పడం నాకొచ్చు కదా.”

ఆయన మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. మర్నాడు పొద్దున్న కొట్టు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పరుగెత్తి ఆంటీకి చెబితే, మిషను ఆపకుండానే, “మా నాయన రొట్టెల బట్టీ మా తమ్ముళ్ళకే పోయిందిలే,” అంది. ఆ మాట ఎందుకందో పట్టించుకోలేదు. నా సంబరం నాది.

ఇవాళ ఆ సినిమాను ఫోనులో వెతికాను. తెలుగు మాటలతో దొరికింది. ప్రతి మాటా అర్థమవుతోంది, నవ్వు మాత్రం రావడం లేదు. ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. “అన్నం వడ్డించాను, రండి,” అని వెళ్ళిపోయింది.

అంతే. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అదే మాట. ఎంత అబద్ధాలకోరువి ఆంటీ! ఆమె ఉండి ఉంటే ఈ క్షణమే వెళ్ళి దెబ్బలాడేదాన్ని. నాన్న కూడా పోయాడు, అన్నయ్య డిగ్లీపూర్‌లోనే స్థిరపడ్డాడు. ఈ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేక ఏడుపొచ్చింది.

అప్పుడు ఆంటీ నాయన రొట్టెల బట్టీ గుర్తొచ్చింది. మూడోసారి సౌండు తీసేశాను. ఆ పిల్ల గుమ్మంలోకి రాగానే, “నాన్నా, మిల్లు నాకియ్యి,” అని నేనే పైకి అన్నాను. కొట్లో వినేవాళ్ళెవరూ లేరు. అయినా చివరిదాకా అన్నాను.