స్టీలు కొట్టు మెట్ల మీద సమ్మె

నా జన్మలో నేను చేసిన సమ్మె ఒక్కటే. పొద్దున్న తొమ్మిదింటికి మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. ఆ కాసేపట్లో నేను బొబ్బిలి బజారులో పారేసుకున్న పరువుని ఇప్పటికీ ఎవరో ఒకరు ఏరి తెచ్చి నా చేతిలో పెడుతూనే ఉంటారు. మీరూ కాస్త ఏరుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అవి బటన్ల ఫోన్ల రోజులు. ఫోనులో గోరంత మెమరీ కార్డు ఉంటే ఆ మనిషి గొప్పవాడి కింద లెక్క. నేను ప్రైవేటు బళ్ళో లెక్కల మాస్టారిని. ఆదివారాలు మాత్రం నటుణ్ణి. మా ఊళ్ళో కొండబాబు గారని స్టీలు సామాన్ల వ్యాపారి ఉండేవారు. ఆయన తన కొట్టు మేడ మీద ఒక హాస్య కార్యక్రమం తీయించి, వారం వారం ఊరి కేబుల్ టీవీలో వేయించేవారు. కళ మీద ప్రేమ ఉండేది కానీ, గిన్నెల మీద ఇంకొంచెం ఎక్కువ. ఏడుపు సీనులో కూడా మా వెనక ఇడ్లీ పాత్రలు తళతళ మెరవాల్సిందే.

అందులో నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పైడమ్మ గారు మా అత్త. అప్పలనాయుడు బావది, చేబదులుకొచ్చి కూర్చుని కదలని పక్కింటాయన వేషం. రోజుకింతని కూలి, మధ్యాహ్నం భోజనం, పండక్కి తలో టిఫిను క్యారేజీ. ఎవరికీ ఏ లోటూ లేదు, నేను ఎస్.కోట బస్సు ఎక్కేదాకా.

ఆ బస్సులో నా ముందు సీటాయన ఫోను చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. తొంగి చూద్దును కదా, అందులో ఉన్నది నేనే. పొంగిపోయి, ఇదెక్కడిదని అడిగాను. ఫోన్ల కొట్టులో ఇరవై రూపాయలిస్తే కార్డులోకి ఎక్కిస్తారని చెప్పి, నన్ను ఆనవాలు కట్టకుండానే మళ్ళీ నా బొమ్మ చూసుకోవడంలో మునిగిపోయాడు. ఆ పొంగు అక్కడికక్కడే పుల్లవిరిచినట్టు విరిగింది. నా మొహం అమ్ముడవుతోంది, నాకు మాత్రం పైసా లేదు.

ఆ వారమే మంగలి షాపులో పేపరు చదివాను. ఎక్కడో దూరదేశంలో నటులు తగువు పెట్టుకున్నారట. టీవీకిచ్చిన డబ్బు టీవీకే చెల్లు, ఇంటర్నెట్లోనూ ఫోన్లలోనూ చూపిస్తే దానికి వేరే ఇవ్వాలని. చదవడం పూర్తయ్యేసరికి నా గడ్డం ఒక వైపే గీశారు గానీ, నేను మాత్రం పూర్తిగా నాయకుణ్ణయిపోయాను.

అప్పలనాయుడు బావని ఒప్పించడం సులువు. ఆయన ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళ పక్షం. పైడమ్మ గారే మెత్తబడలేదు. నలభై ఏళ్ళు ఊరూరా నాటకాలాడిన మనిషి. కెమెరా బయట కూడా నన్ను అల్లుడనే పిలిచేది.

"నాటకాలు పోయినాక మూల కూకుండిపోయినాను, అల్లుడూ," అంది. "ఇది వచ్చినాకే మల్లీ సంతలో నలుగురూ పలకరిత్తన్నారు. ఇదీ పోతే నానేటి సెయ్యాల?"

పోదని చెప్పాను. హక్కులూ, శ్రమా, చరిత్రా అంటూ అరగంట ఊదరగొట్టాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మాస్టారు చెబుతున్నాడు కదా అని నమ్మింది. ఇప్పటికీ నన్ను గుచ్చేది ఆ నమ్మకమే.

ఆదివారం వచ్చింది. ముగ్గురం మేడ ఎక్కకుండా కొట్టు మెట్ల మీద కూర్చున్నాం. బిందెలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు మమ్మల్ని దాటలేక, ఇది కూడా షూటింగే అనుకుని నిలబడి చూశారు. కొండబాబు గారు టీ పంపించారు. నేను తిప్పి పంపాను. బావ నా కప్పు కూడా తాగేశాడు.

కాసేపటికి ఆయనే వచ్చి పక్కన కూర్చుని, సంగతేమిటని నెమ్మదిగా అడిగారు. టీవీ కూలి టీవీకే, ఫోను కూలి వేరే అన్నాను. వీధంతా వినబడేలా అన్నాను.

"ఫోన్లో ఆడుతున్నట్టు నువ్వు చెబితేనే తెలిసింది సూరిబాబూ," అన్నారాయన. "నాకు దాని మీద దమ్మిడీ రాలేదు. ఎవడో దొంగతనంగా అమ్ముకుంటుంటే చేతి డబ్బులు పెట్టి నేనెందుకు తీయాలి? ఇవాళ్టితో ఆపేద్దాం."

ఆయన కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. పైడమ్మ గారు చీర కొంగు వేలికి చుట్టుకోసాగింది. నా సమ్మె ఆవిడ నోటి దగ్గర ముద్ద లాగేసినట్టయింది. ఏదో ఒకటి చెయ్యాలి. లేచి నిలబడ్డాను. ముందు ఆ దొంగని పట్టుకుందామన్నాను. వాడు ఎంతటివాడైనా సరే, నడిబజారులో పైడమ్మ గారి కాళ్ళ మీద పడాలి, ఫోన్ల మీద రూపాయొచ్చినా వాడికి అందులో వాటా ఉండకూడదు అని ప్రకటించాను. బిందెల ఆడవాళ్ళు కూడా అవునన్నారు.

ఊళ్ళో కార్డులెక్కించే కొట్టు ఒక్కటే. అందరం బస్టాండు పక్కనున్న ఆ గౌరి ఫోన్ల కొట్టుకి నడిచాం. ముందు నేను, వెనక బావ, అత్త, కొండబాబు గారు, ఆ వెనక బిందెలు.

గౌరి మర్యాదస్తుడు. కొండబాబు గారు అడిగిందంతా విని, తికమకగా నా వైపు చూశాడు.

"దొంగతనం ఏటండి? ఈ మాస్టారే గదా పెన్‌డ్రైవు అట్టుకొచ్చి ఇచ్చినారు. ఎవులడిగినా ఎక్కించీ గౌరీ, పేరు వస్తాది అన్నారు. ఎస్.కోట కొట్లకీ ఇమ్మన్నది ఆయనే."

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అంతకు నాలుగు నెలల ముందు నాకు నౌపడ సంబంధం చూశారు. మా ఊరి కేబులు నౌపడకి రాదు. పిల్ల నా నటన చూడాలని నాకు మహా ఆత్రం. వీడియోలు తీసే ఆయన్ని బతిమాలి కాపీ తెచ్చి, గౌరి చేత కార్డులోకి ఎక్కించి పంపాను. ఆ సంతోషంలో నోటికొచ్చిన ఉదారమైన మాటలన్నీ అనేశాను. సంబంధం కుదిరింది, అన్న మాటలు మరిచిపోయాను.

నడిబజారులో నేను చెప్పిన శిక్ష నేనే అనుభవించాను. పైడమ్మ గారి కాళ్ళ మీద పడ్డాను. కెమెరా ముందు ఎన్నిసార్లు పడ్డానో, ఈసారి మాత్రం కళ్ళ నీళ్ళకి గ్లిజరిన్ అవసరం రాలేదు.

"లెగు," అందావిడ. "నీ పున్నెవా అని నా మొకం నౌపడ దాకా ఎల్లింది."

నౌపడ అన్న మాట కొండబాబు గారి చెవిలో మరోలా పడింది. నా మొహంతో పాటు ఆయన ఇడ్లీ పాత్రలు కూడా అంత దూరం వెళ్ళాయన్నమాట. ఆయన మొహం విప్పారింది. కార్యక్రమం ఆగదన్నారు. గౌరి కూడా దిగొచ్చి, కళాకారులకి నెలనెలా ఫోను రీచార్జి తానే చేయిస్తానన్నాడు. నన్ను తప్పించి. అలా నా సమ్మె దిగ్విజయంగా ముగిసింది. నాయకుడికి తప్ప అందరికీ లాభమే.

మళ్ళీ వారం మేడ మీద పైడమ్మ గారు కొండబాబు గారిని ఒకే ఒక్క కోరిక కోరింది. ఒక నెల పాటు అల్లుడికి మాటలివ్వొద్దని. వెంటనే కథలో నా గొంతుకి ఆపరేషన్ అయిపోయింది. నాలుగు వారాలు ఇడ్లీ పాత్రల ముందు కూర్చుని తలాడించాను.

ఇప్పుడు ఆ మేడ నిండా ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. గౌరి పెద్ద ఫోన్లు అమ్ముతున్నాడు, కార్డులు ఎవరూ అడగరు. కొండబాబు గారు లేరు. పైడమ్మ గారు కూతురి దగ్గరుంటోంది. మొన్న మా ఆవిడా నేనూ చూడ్డానికి వెళితే, అందరి పేర్లూ తలుచుకుని నవ్వి, మా ఆవిడతో రహస్యంగా ఒక మాట చెప్పింది. జనం ఫోన్లలోకి మళ్ళీ మళ్ళీ ఎక్కించుకున్నవి నేను తలాడించిన ఆ నాలుగు వారాల భాగాలేనట.

"ఈడు మాటాడకపోతేనే బాగుంతాడే," అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇక ఈ జన్మలో సమ్మె చెయ్యనని, చేసినా దొంగకి శిక్ష నేను నిర్ణయించనని గట్టిగా ప్రమాణం చేశాను. మనసులోనే చేశాను. పైకి ఒక్క ముక్క అనలేదు.