ఎక్కించి చూపించమన్న కోటిరత్నం

చెరుకుపల్లి కోటిరత్నానికి ఏ వస్తువు చూసినా ముందు అదెక్కడ విరుగుతుందోనన్న దిగులే. నిచ్చెన కనిపిస్తే ఒక్కో మెట్టూ తట్టి చూసేది, బస్సెక్కబోతూ వంగి చక్రాలు చూసేది. భర్త పోయాక తమ చిన్న ట్రాక్టరును మరిది చెంచురామయ్య చేత నడిపిస్తూ ఊరూరా వరిచేలకు దమ్ము చేయించేది. బురదలో తిరిగే ఇనుప చక్రాలతో తారురోడ్డు ఎక్కనివ్వరు గనుక, జీపు వెనక తగిలించుకుని ట్రాక్టరును మోసుకుపోయే ట్రక్కు కోసం తొంభై ఒకటి వేసవిలో ట్రాక్టరును అద్దె లారీలో వేయించుకుని, మరిదితో తెనాలిలో ట్రక్కులు చేసే షెడ్డుకు వచ్చింది. యజమాని చూపించిన రెండు చక్రాల ట్రక్కు చుట్టూ, పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ మూడుసార్లు తిరిగింది.

"మా ట్రాక్టరు ఎక్కించి చూపించండి."

"ఇంత అనుమానమైతే ఎలాగమ్మా?" అన్నాడతను.

"ఊరుకో వదినా," అని గొణుగుతూనే చెంచురామయ్య ట్రాక్టరును ట్రక్కు వెనక వాలుగా ఆనించిన పలకల మీదికి ఎక్కించాడు. వెనక చక్రాలు ట్రక్కు అంచుకు చేరాయో లేదో, బరువంతా వెనక్కి పడి, షెడ్డు జీపుకు తగిలించిన కొక్కెం ఊడి, ట్రక్కు ముక్కు గాలిలోకి లేచింది. ట్రాక్టరు వెనక్కి జారింది. కోటిరత్నం పమిట చెంగు వదిలేసి అటు పరుగెత్తింది. అదృష్టవశాత్తూ అది బోల్తా పడకుండా నేల మీద ఆగింది. చెంచురామయ్య దిగి అక్కడే కూలబడ్డాడు.

ఆమె మరిదికి మంచినీళ్లిచ్చి, మూలనున్న నాలుగు చక్రాల పొట్టి ట్రక్కు చూపించింది. "దాని మీదా ఎక్కించండి."

"భయపడ్డావు గదమ్మా, రేపు చూద్దాం," అన్నాడు యజమాని.

"భయం నాకు రోజూ ఉండేదేనండి. ఇవాళ మీకూ వేసింది, అంతే."

ఈసారి ట్రాక్టరు కుదురుగా ఎక్కింది. "ఇదే తీసుకుందాం వదినా," అన్నాడు చెంచురామయ్య పైనుంచే.

"ముందు నువ్వు కిందికి దిగు నాయనా," అంది కోటిరత్నం.