అందరికంటే చివర లేచేవాళ్ళం: విశాఖ నుంచి పాండిచ్చేరి మీదుగా చెన్నైకి ఓడ ప్రయాణం

మా ఆయన గొంతులో వచ్చిన గడ్డకి వైద్యం పూర్తయి ఏడాది కావస్తోంది. చివరి స్కాన్ చూసిన డాక్టరుగారు "ఇంక భయం లేదు, అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలు" అన్నారు. ఆ రోజు ఆసుపత్రి బయట టీ బండి దగ్గర నిలబడి ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం. కానీ రేడియేషన్‌తో ఆయన నోట్లో తడి పోయింది, రుచి పోయింది. ఏది పెట్టినా దూది నమిలినట్టుందనేవారు. ముద్ద ముద్దకీ గుక్కెడు నీళ్ళు తాగకపోతే పొలమారేది. అన్నం తినడానికి గంట పట్టేది. పెళ్ళిళ్ళకి వెళ్తే పంక్తిలో అందరూ లేచిపోయాక ఈయన ఒక్కరే మిగిలేవారు. ఎవరో ఒకరు దగ్గరికొచ్చి "ఏటి బావా, ఇంతేనా తిన్నావు?" అని ప్రేమగానే అడిగేవారు. ఈయన చేయి కడిగేసుకునేవారు. అలా శుభకార్యాలకి వెళ్ళడం మానేశాం. తర్వాత ఇంట్లో కూడా నేను బడికి వెళ్ళేదాకా ఆగి, ఒక్కరే వంటింట్లో కూర్చుని తినడం మొదలుపెట్టారు.

మాది గరివిడి. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, మా ఆయన పేరు రాజారావు, ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. ఎండాకాలం సెలవుల్లో విశాఖ నుంచి పాండిచ్చేరి, చెన్నై వెళ్ళే ఓడ గురించి నా తోటి టీచరు చెప్పింది. మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేనిచోట, వంట గొడవ లేకుండా ఆయన ఎదురుగా కూర్చుని నాలుగు పూటలు తినాలని నాకు ఆశ పుట్టింది. ఆయనకి చెబితే "అందరూ తిండి కోసం ఎల్లే ఓడలోకి తిండి తినలేనోడిని తీసుకెల్తావా?" అన్నారు. "సముద్రం చూద్దురుగాని, రండి" అన్నాను. కిటికీ ఉన్న గది, భోజనాలు కలిపి ఇద్దరికీ యాభై వేలు దాటింది. కిటికీ లేని గది తీసుకుంటే బాగా తగ్గుతుంది. మామూలు భోజనాలన్నీ టికెట్‌లోనే వస్తాయి. ప్రత్యేక రెస్టారెంట్లకీ, రేవుల్లో ఊరు చూపించే బస్సులకీ వేరే కట్టాలి.

ఓడ కదిలేది సాయంత్రమే అయినా మధ్యాహ్నానికల్లా రమ్మంటారు. పొద్దున్నే గరివిడిలో ప్యాసింజరెక్కి విశాఖలో దిగి, స్టేషన్ నుంచి ఆటోలో రేవుకి వెళ్ళాం. గేటు దగ్గర దింపిన ఆటో అతను "ఇంతమందిని ఇక్కడ దింపుతన్నాను గానీ ఓడ లోపల ఎలాగుంటాదో ఎప్పుడూ సూడలేదమ్మా" అన్నాడు. నా ఫోన్‌తో వెనక ఓడ కనిపించేలా అతని ఫొటో తీసి, అతని నంబరుకి పంపించాను. లోపల సామాన్లు తనిఖీ చేశారు. బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు. నా సంచిలో ఆయన జావ కోసం చోడిపిండి, అదే రాగిపిండి, డబ్బా ఉంది. డాక్టరు చీటీ చూపిస్తే ఏమీ అనకుండా వదిలేశారు. సాయంత్రం పైఅంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరగడం చూశాం. "ఒడ్డు మీంచి ఓడని సూడ్డమే గానీ, ఓడ మీంచి ఒడ్డుని సూడ్డం ఇదే" అన్నారాయన. చాలా రోజులకి ఆయన గొంతులో హుషారు విన్నాను.

ఓడలో భోజనానికి రెండు చోట్లున్నాయి. పైన మనమే వడ్డించుకునే హాలు, కింద బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించే హాలు. పళ్ళెం పట్టుకుని జనంలో నిలబడక్కర్లేదని కింద హాలుకి వెళ్ళాం. మూలగా నలుగురు కూర్చునే బల్ల దొరికింది. వడ్డించే అబ్బాయి పేరు బిజయ్, బరంపురం వాడు, ఒడియా యాసతో తెలుగు మాట్లాడతాడు. చుట్టూ చెన్నై వాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు, హిందీ వాళ్ళు. మా ఆయన స్థిమితంగా కూర్చుని చారన్నం కలుపుకుంటున్నారు. అంతలో బిజయ్ మా బల్లలో ఖాళీగా ఉన్న రెండు కుర్చీల దగ్గరికి ఒక పెద్దాయన్నీ, ఏసీ చలికి కొంగు నిండా కప్పుకున్న ఆయన భార్యనీ తీసుకొచ్చాడు. ఆవిడ కూర్చోగానే "మీదే ఊరమ్మా?" అంది. గరివిడి అని చెప్పాను. "ఓలమ్మా, మనోళ్ళే! మాది కోటబొమ్మాళి" అని ఆవిడ మొహమంతా నవ్వు చేసుకుంది. పెద్దాయన పేరు దాలినాయుడు, వరి రైతు. ఆవిడ ఆదెమ్మ. ఏటా వానలు పడి ఉభాలు, అంటే వరినాట్లు, మొదలవక ముందే ఇద్దరూ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళొస్తారట. కాశీ అయ్యింది, పూరీ అయ్యింది, ఈసారి ఓడ.

నేను మాటల్లో పడ్డాను. ఆయన వైపు చూసేసరికి మొహం బిగుసుకుపోయి ఉంది. తొందరపడి చారన్నం ముద్ద మింగబోయారు, పొలమారింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పారు. ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. గదిలోకి వెళ్ళి చూస్తే మంచం అంచున కూర్చున్నారు. "ఇక్కడా ఊరోళ్ళే దొరికారు. పాండిచ్చేరిలో దిగిపోయి రైలెక్కేద్దాం, నా వల్ల కాదు" అన్నారు. సరేనన్నాను.

మర్నాడంతా సముద్రమే, ఎటు చూసినా గట్టు లేదు. పొద్దున పై హాల్లోంచి రెండు ఇడ్లీలు, పల్చటి సాంబారు గదికి తెచ్చాను. ఒకటి తిని పక్కన పెట్టేశారు. మధ్యాహ్నం నన్ను వెళ్ళి తినమన్నారు. నేనొక్కదాన్నే దిగేసరికి అదే మూల బల్ల దగ్గర ఆదెమ్మగారూ, దాలినాయుడుగారూ కూర్చుని ఉన్నారు. ఆదెమ్మగారు వెనకాముందూ చూడకుండా అడిగింది. "ఏటమ్మా, మేం ఏటైనా తప్పు మాటన్నామా? రాత్రి మీ ఆయన అలగ లేచి ఎల్లిపోతే నానూ ఈయనా అదే అనుకుంటన్నాం. ఆనక నాకు కూడు సయించలేదు."

ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేం దాక్కుంటే ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో ఏడాదిలో ఒక్కసారీ ఆలోచించలేదు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ అయ్యో పాపం అనలేదు. "మరి ఆయన్ని గదిలో కూకోబెట్టీసి నువ్వొక్కదానివే వొచ్చీసినావేటి? ఎల్లి తీసుకురా. మేం వడ్డించుకోం, ఇక్కడే కూకుంటాం" అంది.

గదికెళ్ళి "మనవల్ల వాళ్ళు రాత్రి సరిగా తినలేదట. మనం వెళ్ళేదాకా ఇప్పుడూ వడ్డించుకోరట" అన్నాను. ఆయన లేచి చొక్కా మార్చుకుని వచ్చారు. బల్ల దగ్గర కూర్చోగానే ఆదెమ్మగారు "ఏటయ్యింది తమ్ముడూ నీకు?" అంది. ఆయన నీళ్ళు గుక్కెడు తాగి, సొంత అక్కతో చెప్పినట్టు "గొంతులో కేన్సరప్పా. కరెంటు పెట్టి తగ్గించారు. నోట్లో తడి లేదు, రుచి తెలీదు. తినడానికి నాకు గంట పడతాది" అన్నారు. ఆ జబ్బు పేరు ఆయన నోటివెంట బయటివాళ్ళ ముందు రావడం అదే మొదటిసారి.

దాలినాయుడుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నాను పొలం గట్టు మీద కూకుంటే గంటకి గానీ లేవను తమ్ముడూ. తొందరేటి? మనం లోపలుండగా ఓడ మనల్ని ఒగ్గీసి ఎల్లిపోద్దా?" అన్నారు. మా ఆయన నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. ఈసారి ఎవరూ చూపు తిప్పుకోలేదు, కంగారూ పడలేదు. ఆదెమ్మగారు గ్లాసు ముందుకి జరిపి, ఓడ కదులుతుంటే తనకి మంచం మీద ఉయ్యాల్లో పడుకున్నట్టుందని చెప్పుకుపోయింది. బిజయ్ అడక్కుండానే గోరువెచ్చటి నీళ్ళు, చాలా పల్చగా కాచిన పప్పు తెచ్చిపెట్టాడు. హాలంతా ఖాళీ అయ్యింది. అన్ని బల్లల మీదా గుడ్డలు మారుస్తున్నాడు గానీ మా వైపు రాలేదు. మా ఆయన ఇబ్బందిగా చూస్తే "మెల్లగా తినండి సార్, సాయంత్రం టీ దాకా నాకు పని లేదు" అన్నాడు. పని ఉందని మాకందరికీ తెలుసు. పాండిచ్చేరిలో దిగిపోవడం గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

పాండిచ్చేరిలో ఓడ ఒడ్డు దాకా రాదు. లోతున్న చోట ఆగితే చిన్న బోట్లలో తీసుకెళ్ళి దింపుతారు. ఓడ మెట్ల మీంచి బోటులోకి అడుగువేసేటప్పుడు సిబ్బంది చేయి పట్టుకుంటారు గానీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఆదెమ్మగారు దేవుళ్ళందర్నీ తలుచుకుంటూ నా జబ్బ వదల్లేదు. ఒడ్డున నలుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం. పసుపు గోడల ఫ్రెంచి వీధులు, వినాయకుడి గుడి, సముద్రపు రోడ్డు తాపీగా చూడ్డానికి ఒక పూట సరిపోతుంది. ఒక బేకరీలో పొడుగాటి రొట్టె కొంటే దాలినాయుడుగారు దాన్ని బల్ల మీద కొట్టి చూసి, "దీన్ని తినడానికి నాకూ గంట పడతాది" అన్నారు.

మధ్యాహ్నం భోజనానికి మార్కెట్ వెనక సందులో ఒక మెస్‌కి ఆటో అతనే తీసుకెళ్ళాడు. అరిటాకు భోజనం, మనిషికి నూట యాభై లోపే. నడివయసు ఇల్లాలొకామె వడ్డిస్తోంది. మా ఆయన అన్నం పక్కన పెట్టి, స్టీలు గ్లాసులో పోసిన చారు ముందు తాగారు. తాగి ఆగిపోయారు. గ్లాసులోకి చూసి మళ్ళీ ఒక గుక్క తాగారు. నా చేయి పట్టుకుని "పుల్లగా ఉన్నాది" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏమిటి?" అన్నాను.

"చారు. పులుపు తెలుస్తన్నాది నాకు."

గ్లాసు తీసుకుని నేనూ తాగి చూశాను. నిజంగానే పులుపు, మామూలు చింతపండు పులుపు. ఆయన అబద్ధమాడతారని కాదు, నాకూ ఆ రుచి ఆయనతోపాటు ఒకసారి తెలియాలనిపించింది. ఆదెమ్మగారు వడ్డించే ఆమెని పిలిచి, భాష రాకపోయినా గ్లాసు చూపించి "ఇంకా, ఇంకా పొయ్యి" అంది. ఆమెకేమర్థమైందో గానీ చారు గిన్నె తెచ్చి మా బల్ల మీదే పెట్టేసింది. మా ఆయన మూడు గ్లాసులు తాగారు. ఆయన తాగుతున్నంతసేపూ మేం ముగ్గురం మా ఆకుల్లో అన్నం సంగతి మరిచిపోయాం. డబ్బులిచ్చేటప్పుడు నేను ఆమెకి దణ్ణం పెడితే, ఎందుకో తెలియక ఆమె కూడా నవ్వుతూ దణ్ణం పెట్టింది.

అంతా ఒక్కసారే తిరిగొచ్చిందని అనను. ఆ సాయంత్రం ఓడలో గులాబ్‌జామ్ తింటే తడి దూదిలా ఉందన్నారు. కారం మాత్రం మంట పెట్టింది గానీ రుచిలేదన్నారు. పులుపొక్కటే తెలుస్తోంది. అందుకని బిజయ్ ఆ రాత్రి భోజనంలోకి చిన్న గిన్నెలో నిమ్మకాయ చెక్కలు తెచ్చిపెట్టాడు. అదే చివరి రాత్రి, ఆ భోజనానికి అందరూ మంచి బట్టలు వేసుకుని వస్తారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకంటే ముందే తయారై తలుపు దగ్గర నిలబడ్డారు. నేను తాళం వెతుక్కుంటుంటే "బేగి రా, వాళ్ళు కూకునుంటారు" అన్నారు.

పొద్దున చెన్నైలో దిగాం. రేవు పెద్దది, గేటు దాకా బస్సులో దింపుతారు. అక్కణ్ణుంచి సెంట్రల్ స్టేషన్‌కి ఆటో దొరకడం కష్టం కాదు, బేరమాడాలి అంతే. తిరుగు రైలు నాలుగు టికెట్లూ ముందే వేరువేరుగా తీసుకున్నవి. అదృష్టం కొద్దీ రైలు ఒకటే అయ్యింది, పెట్టెలే వేరు. భోజనాల వేళకి దాలినాయుడు దంపతులు పెరుగన్నం పొట్లాలు పట్టుకుని మా పెట్టెలోకి వచ్చేశారు. మేం విజయనగరంలో దిగిపోతుంటే ఆదెమ్మగారు తలుపు దాకా వచ్చి, "ఉభాలైపోయాక రండి. మా ఇంట్లో ఎవుల్నీ తొందరపెట్టం" అంది. వెళ్ళాలి. ఈలోగా ఆదివారాలు మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. "తమ్ముడి భోజనం అయ్యిందా?" అంటుంది. ఇంకా అవలేదంటే "మంచిదే" అని పెట్టేస్తుంది.

ఈ ప్రయాణంలో నేను ఎవరెవరికి రుణపడ్డానో తలుచుకుంటే చాలామంది కనిపిస్తారు. పని ఉండీ లేదన్న బిజయ్, చారు గిన్నె మా ముందు పెట్టేసిన పేరు తెలియని ఆ ఇల్లాలు, ఓడలోకి రానని మొండికేయకుండా వచ్చిన మా ఆయన. అందరికంటే ఎక్కువగా, ఏం జరిగిందని సూటిగా అడిగిన ఆదెమ్మగారు. తెలిసినవాళ్ళు లేనిచోటు కోసం నేను అంత డబ్బు పోసి సముద్రం మీదికి వెళ్ళాను. మాకు కావలసింది అది కాదని, ఆయన తినేదాకా కూర్చుని ఉండే మనుషులేనని నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం కలిసే తింటున్నాం. నేను బడికి కాస్త ఆలస్యంగా వెళ్తున్నాను, హెడ్మాస్టరుగారికి కారణం చెప్పాను.

మీ ఇంట్లో కూడా మింగడానికి ఇబ్బందిపడేవాళ్ళో, పథ్యం తినేవాళ్ళో ఉండి ఇలాంటి ఓడ ఎక్కాలనుకుంటే ఒక్క మాట. ఎక్కిన రోజునే వడ్డించే హాలుకి వెళ్ళి సంగతి దాచకుండా చెప్పండి, మూల బల్ల రోజూ మీకే ఉంచమనండి. పల్చటి పప్పు, చారు, మెత్తటి అన్నం, గోరువెచ్చటి నీళ్ళు అడిగితే ఇస్తారు. భోజనం వేళ మొదలవగానే వెళ్తే కావలసినంత సమయం ఉంటుంది. నలుగురు కూర్చునే బల్లే అడగండి.